డిసెంబర్ 22న అమ్మతో, బాబుతో ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 70 నిమిషాల కనెక్షన్ తీసుకోవచ్చా?

నీలిగొడుగు:

అందరికీ నమస్తే. టికెట్లు హోల్డ్‌లో పెట్టాను, రేపు రాత్రిలోపు తేల్చుకోవాలి. కాస్త అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అమ్మ, నేను, ఐదేళ్ళ మా బాబు వెళ్తున్నాం. మావారు ముందే వెళ్ళిపోయారు. ఆయన ఉద్యోగం చేసేది చిన్న ఊళ్ళో, షికాగోలో దిగి ఇంకో చిన్న విమానం ఎక్కాలి. నా ముందు రెండు దారులున్నాయి.

ఒకటి, అంతా ఒకే టికెట్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1 గంట 10 నిమిషాలు, షికాగో ఓహేర్‌లో 2 గంటల 5 నిమిషాలు. ఆ ఊరికి వెళ్ళే విమానాల్లో ఆ రోజుకి అదే ఆఖరిది.

రెండోది, లండన్ హీత్రో దాకా ఒక టికెట్, అక్కణ్ణించి షికాగోకి వేరే ఎయిర్‌లైన్‌లో ఇంకో టికెట్. మధ్యలో 5 గంటలు. ధరలో బాగానే తేడా ఉంది, ఇదే చవక. మావారు "ఐదు గంటలంటే హాయిగా కూర్చుని వెళ్ళొచ్చు, ఇదే సేఫ్" అంటున్నారు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నడుస్తుంది, మెల్లగా. మెట్లు దిగాలంటే మాత్రం కష్టం. వీల్‌చైర్ పెట్టిస్తానంటే "నాకేమైందే, నడవలేనా" అని కోప్పడుతోంది.

సైట్‌లో 70 నిమిషాల కనెక్షన్ అమ్ముతున్నారంటే సరిపోతుందనేగా అర్థం? లేకపోతే అమ్మరు కదా?

ఎడమకిటికీ:

ఫ్రాంక్‌ఫర్ట్‌లో 45 నిమిషాల కనెక్షన్లు కూడా అమ్ముతారండీ. 70 అంటే బోలెడంత. వేసవిలో నేను అక్కడే మారాను, మధ్యలో కాఫీ కూడా తాగాను. అమ్మగారికి వీల్‌చైర్ పెట్టించేయండి, లైన్లన్నీ తప్పిపోతాయి. నా ఓటు మొదటిదానికే.

సగంనిద్ర:

రెండోది మాత్రం వద్దక్కా. వేర్వేరు టికెట్లంటే మీ సామాను హీత్రోలో మీరే తీసుకోవాలి. అంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, దానికి మీ పాస్‌పోర్టుతో వీసా కావాలేమో చూసుకోవాలి. తర్వాత వేరే ఎయిర్‌లైన్ కౌంటర్ వెతుక్కుని మళ్ళీ చెకిన్, మళ్ళీ సెక్యూరిటీ. ఐదు గంటలు ఇట్టే కరిగిపోతాయి. మొదటి విమానం నాలుగు గంటలు లేటయితే రెండో ఎయిర్‌లైన్‌కి అస్సలు సంబంధం లేదు. వాళ్ళ దృష్టిలో మీరు రాలేదు, టికెట్ పోయింది, అంతే.

పాతగేటు:

కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

నేను చాలా ఏళ్ళు ఒక పెద్ద హబ్ ఎయిర్‌పోర్టులో ట్రాన్స్‌ఫర్ డెస్క్ మీద పనిచేశాను. కనెక్షన్ తప్పిన ప్రతి ఒక్కరూ మొదట వచ్చి నిలబడేది ఆ కౌంటర్ ముందే. వచ్చేవాళ్ళందరూ ఎన్ని నిమిషాలు తక్కువైందో చెప్తారు. కౌంటర్ ఇవతల కూర్చున్నవాడు ఆ నిమిషాలు పట్టించుకోడు. వాడు వెతికేది ఒక్కటే: వీళ్ళకి తర్వాతి సీటు ఎప్పుడుంది? మీరు కూడా టికెట్ కొనేటప్పుడే ఆ ప్రశ్న వేసుకోవాలి, పండగ సీజన్‌లో మరీనూ.

ఫిబ్రవరిలో ఓ మామూలు మంగళవారం కనెక్షన్ తప్పితే సాయంత్రం విమానంలో కూర్చోబెట్టి పంపేసేవాళ్ళం. క్రిస్మస్ ముందు వారం తెర మీద కనిపించేది వేరు. మా సిస్టమ్‌లో ఒక్కో విమానం పక్కన బుకింగ్ క్లాసు అక్షరం, దాని పక్కన మిగిలిన సీట్ల అంకె ఉంటాయి. వై0, బి0, ఎం0, హెచ్0. తేదీ మార్చి చూస్తే మళ్ళీ సున్నాలు. ఆ మర్నాడూ సున్నాలే. ఒంటరిగా వెళ్ళే కుర్రాడైతే ఎవరో రాకపోతే ఆ మూల సీటులో తోసేస్తాం. ఐదేళ్ళ పిల్లాడు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఉన్నప్పుడు ముగ్గుర్నీ విడదీయలేం. ఒకే విమానంలో మూడు సీట్లు దొరికేదాకా వెనక్కి జరుపుతూ పోవాల్సిందే.

ఓ లెక్క చూడండి. 180 సీట్ల విమానం ఒకటి రద్దయిందనుకుందాం. ఆ దారిలో రోజుకి ఆరు విమానాలు తిరుగుతాయి, ఒక్కోదాంట్లో ఐదు సీట్లు ఖాళీ. రోజుకి 30 మంది కదులుతారు. ఆఖరివాళ్ళు కదిలేసరికి ఆరో రోజు. అదీ మధ్యలో ఇంకేదీ రద్దు కాకపోతేనే.

2022 డిసెంబర్‌లో అమెరికాలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. మంచు తుపాను అందరినీ కొట్టింది, చాలా ఎయిర్‌లైన్స్ కొన్నాళ్ళకి తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్‌లో మాత్రం ఏ పైలట్ ఎక్కడున్నాడో, ఎవర్ని ఏ విమానంలో వెయ్యాలో సిస్టమ్‌కి అంతు చిక్కలేదు. దాదాపు 17 వేల విమానాలు రద్దయ్యాయి, 20 లక్షలమందికి పైగా ఇరుక్కున్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వేరే ఎయిర్‌లైన్‌లో వెళ్దామన్నా పండగ రోజులు, సీట్లెక్కడివి?

ఇక మీ 70 నిమిషాలు. సైట్ అమ్మిందంటే సరిపోతుందనే అర్థమా అన్నారు. అది మినిమమ్ కనెక్షన్ టైమ్. ఫ్రాంక్‌ఫర్ట్‌కి 45 నిమిషాలు, వియన్నాకి 25. విమానం టైముకి దిగి, మనిషి మామూలు నడకతో నడిస్తే చాలు అన్న లెక్క అది. ఆ నిమిషాలు కూడా షెడ్యూల్లో దిగే టైము నుంచి ఎగిరే టైము వరకు. ఎగరడానికి పావుగంట ఇరవై నిమిషాల ముందే గేటు మూసేస్తారు, కాబట్టి మీ చేతిలో ఉన్నవి 50. అందులోనే విమానం ఆగాక తలుపు తెరవాలి, యూరప్ బయటినుంచి వచ్చినవాళ్ళకి చాలాసార్లు మళ్ళీ సెక్యూరిటీ చెక్ ఉంటుంది, అమెరికా వెళ్ళే విమానం కాబట్టి గేటు దగ్గర కాగితాలు ఇంకోసారి చూస్తారు.

వీల్‌చైర్‌కి లైన్లు తప్పుతాయన్న మాట నిజమే. కానీ వీల్‌చైర్ మనిషిని విమానంలోంచి అందరికన్నా ఆఖర్న దింపుతారు. 300 మంది దిగి, పైనున్న సంచులు లాక్కుని, పోయాక. అప్పుడు కుర్చీ తోసే మనిషి వస్తే సరే. పండగ వారంలో ఒకే గంటలో పది పెద్ద విమానాలు దిగుతాయి, ప్రతిదాంట్లో కుర్చీ కావాల్సినవాళ్ళు పదిహేనుమంది ఉంటారు, తోసే మనుషులు మాత్రం మామూలు రోజుకి ఎంతమందో అంతే. విమానం తలుపు నుంచి టెర్మినల్‌కి నడిచే జెట్‌బ్రిడ్జ్ చివర గోడ పక్కన నాలుగు కుర్చీల్లో నలుగురు పెద్దవాళ్ళు ఒడిలో బ్యాగులు పెట్టుకుని కూర్చుని ఉంటారు, తోసేవాడు మొదటివాళ్ళని దింపి తిరిగి రావాలి. ఇది ప్రతి డిసెంబర్‌లో చూసినదే. లైన్లో మిగిలిన పావుగంట అక్కడే పోతుంది.

అలాగని వీల్‌చైర్ మానకండి. తప్పకుండా పెట్టించండి. కానీ ఏ వీల్‌చైర్ అన్నది చూసుకోండి. ఇందులో మూడు కోడ్‌లున్నాయి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే దూరం నడవలేరు, మెట్లు మాత్రం ఎక్కి దిగగలరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు కూడా కష్టం, సీటు దాకా నడవగలరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా కూడా మోయాలి. ఊరికే "వీల్‌చైర్ కావాలి" అంటే చాలామంది మొదటిదే కొట్టేస్తారు. విమానాన్ని దూరంగా నిలిపి బస్సులో తీసుకెళ్ళే రోజు వస్తే, మొదటి కోడ్ ఉన్నవాళ్ళని మెట్లు దిగమంటారు. రెండో కోడ్ ఉంటేనే అంబులిఫ్ట్ వస్తుంది, విమానం తలుపు దాకా లేచే డబ్బా లారీ. మీ అమ్మగారికి కావాల్సింది రెండోది. ఫోన్ చేసి ఆ కోడ్ పేరు చెప్పి వేయించండి, ప్రతి విమానానికీ పడిందో లేదో విడివిడిగా అడగండి. యూరప్‌లో 48 గంటల ముందు చెప్పాలన్నది నియమం.

ఇంకో సంగతి బయటివాళ్ళకి తెలియదు. మీ మొదటి విమానం లేటుగా వస్తోందని మాకు గంటల ముందే కనిపిస్తుంది. మీరింకా గాలిలో నిద్రపోతుంటే ఇక్కడ మీ పేర్లు ఎర్రగా మారతాయి. మీరు ఆ విమానం అందుకోలేరని అనిపిస్తే ముందే తీసేసి వేరే విమానంలో వేస్తారు, ఎందుకంటే మనిషి ఎక్కకపోతే అతని సామాను కూడా కిందికి దించాలి, దానికోసం విమానాన్ని ఆపుకోలేరు. అందుకని దిగగానే పరిగెత్తే ముందు యాప్ తెరిచి చూడండి. పిల్లాణ్ణి చంకనేసుకుని ఆయాసపడుతూ గేటు దాకా వచ్చి, తమ పేర్లు అప్పటికే ఆ విమానంలో లేవని తెలుసుకున్నవాళ్ళు ఎంతమందో.

హీత్రో సంగతి సగంనిద్ర గారు సరిగ్గానే చెప్పారు. ఒకటి కలుపుతాను. హీత్రోకి ఏడాదికి 4,80,000 విమానాల పరిమితి ఉంది, రన్‌వేలు రెండే, దాదాపు పూర్తిగా నిండిపోయి నడుస్తుంది. పొగమంచు పట్టి విమానాల మధ్య దూరం పెంచితే ఆ తగ్గిన సంఖ్యని సర్దడానికి ఖాళీ ఉండదు, రద్దు చేయడమే. వేర్వేరు టికెట్లతో అలాంటిచోట మారడం డిసెంబర్‌లో నేనైతే మా వాళ్ళెవర్నీ చేయనివ్వను, ఎంత చవకైనా సరే.

మీ మొదటి దారిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఫ్రాంక్‌ఫర్ట్ కూడా కాదు, ఓహేర్. సామానుకి చివరిదాకా ట్యాగ్ వేసినా అమెరికాలో మొదట దిగిన చోట ఇమిగ్రేషన్ అయ్యాక మీరే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ బెల్ట్ మీద వెయ్యాలి. టెర్మినల్ 5లో దిగుతారు. మీ చిన్న విమానం వేరే టెర్మినల్ నుంచైతే రైలెక్కి వెళ్ళి, మళ్ళీ సెక్యూరిటీలో నిలబడాలి. అదంతా 2 గంటల 5 నిమిషాల్లో, ఆ రోజు ఆఖరి విమానానికి. తప్పితే రాత్రి అక్కడే, మర్నాడు చిన్న విమానంలో మూడు సీట్లు దొరకాలి. అవి 50 సీట్ల విమానాలు.

షికాగో నుంచి మీ వారుండే ఊరు కారులో ఎంతసేపు? అది చెప్పండి.

ఎడమకిటికీ:

పాతగేటు గారూ, మీరు మరీ భయపెడుతున్నారు. రోజూ లక్షలమంది వెళ్తున్నారు. మా నాన్నగారిని వీల్‌చైర్‌లో ఇమిగ్రేషన్ లైన్ మొత్తం దాటించి ముందుకి తీసుకెళ్ళారు, అరగంటలో బయట పడ్డారు.

పాతగేటు:

అవునండీ, ఎక్కువమందికి ఏమీ కాదు. 2024 డిసెంబర్ 1న అమెరికాలో 30 లక్షలమందికి పైగా ఒక్కరోజులో సెక్యూరిటీ దాటారు. వాళ్ళలో నూటికి తొంభైమంది ఇళ్ళకి చేరే ఉంటారు. మిగిలినవాళ్ళు నా కౌంటర్ ముందుకి వచ్చేవాళ్ళు, నేను చూసింది వాళ్ళనే. మీ నాన్నగారు దిగింది ఆఖరి మజిలీలో అయితే కుర్చీ కోసం ఇరవై నిమిషాలు ఆగినా ఏం నష్టం లేదు. మధ్యలో మారేటప్పుడు ఆ ఇరవై నిమిషాలే విమానం.

నీలిగొడుగు:

అమ్మో. రాత్రి నిద్ర పట్టలేదు మీ పోస్ట్ చదివాక, కానీ చాలా థాంక్సండీ.

కారులో మూడు గంటల లోపే. మావారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. షికాగోకి తనే కారు తెస్తానన్నారు. అయితే అదే టికెట్ కొనేసి షికాగోలో దిగిపోతే సరిపోతుందా? ఆఖరి విమానం ఎక్కకుండా వదిలేస్తే?

అమ్మకి ఆ మూడు కోడ్‌ల సంగతి చెప్తే "ఎస్ అంటే నేను సీటు దాకా నడుస్తాననేగా, సరే పెట్టు" అంది. నడవలేనివాళ్ళ కుర్చీ కాదని తేలాక ఒప్పుకుంది!

ఇంకా కొన్ని అనుమానాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎంత టైము ఉంటే మంచిది? ఎంత జాగ్రత్తపడ్డా తప్పితే ఏం చెయ్యాలి? చేతి సామానులో పవర్ బ్యాంకులు, అందరికీ చుట్టిన కానుకలు ఉన్నాయి, ఇబ్బందా?

పాతగేటు:

వదిలేయకండి! అమ్మగారు ఒప్పుకున్నందుకు సంతోషం, కానీ ఇది ముందు వినండి. టికెట్‌లో ఒక మజిలీ ఎక్కకపోతే తర్వాతివన్నీ రద్దవుతాయి. మీ తిరుగు ప్రయాణం కూడా అందులోనే ఉంటే అదీ పోతుంది. పైగా సామాను చిన్న ఊరికి ట్యాగ్ అయి ఉంటుంది. షికాగో దాకా మాత్రమే, రానూపోనూ, కొనండి. ధర పెద్దగా తగ్గకపోవచ్చు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఎయిర్‌లైన్స్ ధరల లెక్కలు వాళ్ళకే తెలియాలి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడు నుంచి నాలుగు గంటలుండేది చూడండి. దాంతోపాటు మీరెక్కే విమానం తర్వాత అదే రోజు షికాగోకో, దాని చుట్టుపక్కలకో అదే ఎయిర్‌లైన్‌కి ఇంకో విమానం ఉందా అని చూడండి. ఉంటే దాని నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. కౌంటర్ దగ్గర "ఏదో ఒకటి చూడండి" అనేవాళ్ళకన్నా "ఫలానా నంబరులో మూడు సీట్లున్నాయా" అని అడిగేవాళ్ళ పని చప్పున అవుతుంది, వెతికే శ్రమ మీరే తీసేశారు కదా. లైన్లో నిలబడే ఫోన్ కూడా చెయ్యండి, యాప్‌లో కూడా చూడండి. మూడింట్లో ఏది ముందు పలికితే అది.

రాత్రి పొద్దుపోయాక ఎగిరేవి ఫ్రాంక్‌ఫర్ట్‌లో వద్దు. అక్కడ రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా విమానాల షెడ్యూల్ ఉండదు, 2011 నుంచీ ఆ నిషేధం. లేటు కాస్త సాగితే తెల్లారేదాకా అంతే. అప్పుడు హోటల్ వోచర్ ఇచ్చినా షెంగెన్ వీసా, అంటే జర్మనీలాంటి యూరప్ దేశాల్లోకి వెళ్ళనిచ్చే వీసా, లేనివాళ్ళని బయటికి వెళ్ళనివ్వకపోవచ్చు, లోపలే మడత మంచాల మీద పడుకోవాలి. బాబుకి ఒక జత బట్టలు, అమ్మగారి మందులు రెండు రోజులకి సరిపడా చేతి సంచిలోనే పెట్టండి, చెకిన్ సామానులో ఒక్క మాత్ర కూడా వద్దు.

ట్రాన్సిట్ వీసా సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఎయిర్‌పోర్ట్ బయటికి రాకపోయినా కొన్ని పాస్‌పోర్టులకి అడుగుతారు, వేరే దేశం వీసా ఉంటే మినహాయింపులుంటాయి, ఇవి మారుతూ ఉంటాయి కూడా. చెకిన్ కౌంటర్‌లో అమ్మాయి చూసేది టిమాటిక్, ఎవరికి ఏ వీసా కావాలో చెప్పే ఎయిర్‌లైన్ల సంఘం (అయాటా) వాళ్ళ సిస్టమ్. చాలా ఎయిర్‌లైన్స్ సైట్లలో దాన్నే ప్రయాణికులకీ తెరిచి పెడతారు. మీ ముగ్గురి పాస్‌పోర్టులూ, వీసాలూ విడివిడిగా వేసి చూడండి.

అబుదాబి, డబ్లిన్ మీదుగా దొరికితే అది కూడా ఆలోచించండి. ఆ రెండుచోట్లా అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ విమానం ఎక్కకముందే అయిపోతాయి. షికాగోలో దిగాక లోకల్ విమానం దిగినట్టు సామాను తీసుకుని బయటికి నడవడమే. అమ్మగారు పద్నాలుగు గంటలు కూర్చుని దిగాక ఇంకో గంట వరసలో ఉండక్కర్లేదు. అక్కడా పండగ రోజుల్లో లైను ఉంటుంది, కాబట్టి అక్కడ మూడు గంటలకి తగ్గకూడదు.

తప్పితే హక్కుల సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఎగిరే విమానానికి ఏ దేశపు ఎయిర్‌లైన్ అయినా యూరప్ నియమం 261 వర్తిస్తుంది. ఇంత దూరానికి, గమ్యం నాలుగు గంటలు అంతకన్నా ఎక్కువ లేటయితే మనిషికి 600 యూరోలు, తప్పు ఎయిర్‌లైన్‌దైతే. మంచు వల్లనో, ఎయిర్ ట్రాఫిక్ వల్లనో అయితే ఆ డబ్బు రాదు. కానీ తిండి, బస మాత్రం కారణం ఏదైనా వాళ్ళే చూడాలి. ఈ తేడా చాలామందికి తెలియక "వాతావరణం అండీ, మేమేం చెయ్యలేం" అనగానే వెనక్కి తిరిగిపోతారు. వోచర్ ఇవ్వకపోతే రసీదులు దాచుకోండి.

తుపాను వస్తుందని వార్తల్లో చూస్తే రద్దయ్యేదాకా కూర్చోకండి. పెద్ద ఎయిర్‌లైన్స్ ఒకటి రెండు రోజుల ముందే వేవర్ అని పెడతాయి, అదనపు డబ్బు లేకుండా తేదీ మార్చుకోవచ్చు. ఆ ప్రకటన వచ్చిన మొదటి రెండు మూడు గంటల్లో మార్చుకున్నవాళ్ళకే మంచి సీట్లు. తెల్లారాక నిద్రలేచి చూసేవాళ్ళకి మళ్ళీ ఆ సున్నాలే.

పవర్ బ్యాంకులు చేతి సామానులోనే ఉండాలి, చెకిన్‌లో కుదరదు. 100 వాట్ అవర్ల లోపు అయితే అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్‌వి 74 వాట్ అవర్లు, కాబట్టి పర్లేదు. ఇక్కడ పండగ సీజన్ మెలిక ఒకటుంది. విమానం నిండుగా ఉంటే పైన అరలు చాలక, గేటు దగ్గర మీ చేతి సూట్‌కేసు తీసుకుని కిందికి పంపించేస్తారు. వెనక పదిమంది నెడుతుంటే ట్యాగ్ కట్టి లాగేసుకుంటారు. పవర్ బ్యాంకు, మందులు, పాస్‌పోర్టులు అన్నీ ఆ సూట్‌కేసులోనే ఉంటే ఆ గందరగోళంలో తెరిచి తీయాలి. వాటిని ముందే ఒక చిన్న గుడ్డ సంచిలో వేసి సూట్‌కేసు పైన పెట్టుకుంటే చేత్తో ఎత్తేయొచ్చు.

కానుకలు చుట్టకండి. స్కానర్‌లో అనుమానం వస్తే చింపేస్తారు. అక్కడికెళ్ళాక చుట్టుకోవచ్చు.

సగంనిద్ర:

సామాను గురించి నాదో మాట. పండగకి వెళ్తూ నాదొకసారి వెనకబడింది, ఎయిర్‌లైన్ పేరెందుకు లెండి. బెల్ట్ ఆగిపోయాక కూడా నిలబడి ఉన్నాను, పక్కన ఒకాయన "ఇక్కణ్ణించి కాగితం లేకుండా కదలకు" అన్నాడు. ఆ కాగితం పీఐఆర్, సామాను రాలేదని ఎయిర్‌పోర్టులోనే రాయించుకునే రిపోర్టు. దాని మీద పది అక్షరాల నంబరు ఉంటుంది, ఎయిర్‌పోర్ట్ కోడ్ మూడక్షరాలు, ఎయిర్‌లైన్‌ది రెండు, తర్వాత ఐదంకెలు. దాంతోనే ఎయిర్‌లైన్స్ సామాను వెతికే వరల్డ్‌ట్రేసర్ సిస్టమ్‌లో మీ సంచి ఎక్కడుందో చూస్తారు. నా సంచి నల్లది, ప్రపంచంలో సగం సంచులు నల్లవే. ఇప్పుడు లోపల, మూత కింద కూడా నా పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం పెడుతున్నా, బయటి ట్యాగ్ ఊడితే అదే దిక్కు. మూసే ముందు తెరిచి ఒక ఫోటో కూడా తీసుకోండి, లోపల ఏమున్నాయో ఫారంలో రాయమంటారు.

పాతగేటు:

ఆ ఫోటో మంచి పని. ఒక తేదీ కూడా గుర్తుపెట్టుకోండి: లేటుగా వచ్చిన సామాను గురించి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యడానికి అది చేతికి అందినప్పటి నుంచి 21 రోజులు, పాడైతే 7 రోజులు. మాంట్రియల్ ఒప్పందం కింద మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్కకట్టే అంతర్జాతీయ యూనిట్) దాకా పరిమితి, 2024 డిసెంబర్ 28 నుంచి. అత్యవసరంగా కొన్న బట్టలు, బ్రష్షులు కూడా ఇందులో అడగొచ్చు, బిల్లులుంటే.

నీలిగొడుగు:

పాతగేటు గారూ, హోల్డ్ వదిలేశాను. ఇప్పుడు చూస్తున్నది ఫ్రాంక్‌ఫర్ట్‌లో 3 గంటల 40 నిమిషాలది, షికాగో వరకే, అదే టికెట్‌లో తిరుగు ప్రయాణం కూడా. డిసెంబర్ 22 బదులు 19. దాని తర్వాత అదే రోజు ఇంకో విమానం ఉంది, నంబరు రాసి పెట్టుకున్నా. అబుదాబి మీదుగా ఉన్నది అమ్మకి మొదటి విమానం అర్ధరాత్రి పడుతోంది, అందుకని వదిలేశాను. టిమాటిక్‌లో మా ముగ్గురివీ వేశాను, సరిపోయాయి.

వీల్‌చైర్ కోసం ఫోన్ చేస్తే మీరన్నట్టే మొదట ఆర్ కోడ్ వేశారు. అడిగితే గానీ మార్చలేదు. రెండో విమానానికి అసలు పడనే లేదు, దాన్నీ ఎస్ చేయించాను. ఒక్క అనుమానం: తిరుగు ప్రయాణానికి కూడా ఇప్పుడే చెప్పాలా?

పాతగేటు:

ఇప్పుడే వేయించండి, నాలుగు విమానాలకీ. తిరుగు ప్రయాణానికి మూడు రోజుల ముందు ఇంకోసారి ఫోన్ చేసి ఉందో లేదో చూసుకోండి. షెడ్యూల్ మారి టికెట్ మళ్ళీ ఇష్యూ అయితే ఆ కోడ్‌లు ఒక్కోసారి రాలిపోతాయి. సీట్ నంబర్లు కూడా అంతే, బాబు మీ పక్కనే ఉన్నాడో లేదో అప్పుడే చూడండి.